రెండంగుళాల మడత

మా వదిన వీధిలో నడిచేటప్పుడు నేల చూడదు, కిటికీలు చూస్తుంది. ఎదురుగా వచ్చే బండి కనిపించదు, కాలి ముందున్న గుంట కనిపించదు, రెండో అంతస్తులో ఎవరింటి తెర అరంగుళం వంకరగా వేలాడుతోందో అది మాత్రం కనిపించి తీరుతుంది. "ఎవరు కుట్టారో గానీ, దండం పెట్టాలి" అంటూ నడిరోడ్డు మీద ఆగిపోతుంది. వెనక హారన్లు మోగుతుంటే రెక్క పట్టుకుని పక్కకి లాగాల్సింది నేను. ఆవిడ తమ్ముణ్ణి కట్టుకున్న పాపానికి ఇరవై నాలుగేళ్ళుగా నా ఉద్యోగాల్లో ఇదీ ఒకటి.

ఇప్పుడూ కిటికీలే చూస్తుంది. కానీ వంకరలు ఎంచడం మానేసింది. పట్టపగలు మూసి ఉన్న తెర కంటబడితే చాలు, ఆగిపోయి, దాని వెనక ఎవరైనా నిలబడి ఉన్నారేమో అని చూస్తుంది. ఎండ నడినెత్తిన ఉన్నా కదలదు. ఎవరో పిలిచినట్టు తల పైకెత్తి అలాగే ఉండిపోతుంది. దారిన పోయేవాళ్ళు పిచ్చిదనుకుంటారు. నేను మాత్రం అలా అనుకోలేను, ఎందుకంటే ఆవిడ ఎవరి కోసం చూస్తోందో నాకు తెలుసు. ఆ తప్పులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి ఈ కథ నేనే చెప్పాలి.

మాది కిటికీ తెరలు కుట్టే కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. రెండు మిషన్లు, నిలువునా చుట్టి గోడకి ఆనించిన గుడ్డ తానులు, గుడ్డ ముక్కలు గుచ్చిన నమూనా పుస్తకాలు, గదిని సగం మింగేసిన కత్తిరింపు బల్ల. వదిన పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, తన కొలతకి సరిపోయేవాడు దొరకలేదని చెప్పి నవ్వేసేది. చుట్టుపక్కల వాళ్ళు ఆవిడకి పెట్టిన పేరు కొలతలమ్మ. ఆ పేరంటే లోలోపల మురిసిపోయేది, పైకి మాత్రం విసుక్కునేది.

ఎవరైనా కొట్లోకి వచ్చి గుడ్డ ఎంచుకుంటామంటే ఒప్పుకునేది కాదు. గుడ్డ కొట్లో ఒక రంగు, కిటికీలో ఇంకో రంగు అని ఆవిడ వాదన. నమూనా పుస్తకాలు నా నెత్తిన పెట్టి వాళ్ళింటికే తీసుకెళ్ళేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కిటికీకి ముక్కలు ఆనించి చూసేది. మంచం తల ఎటు, ఎదురింట్లో ఎవరుంటారు, పొద్దెక్కేదాకా పడుకునేది ఎవరు, ఇలా పోలీసులకన్నా ఎక్కువ ప్రశ్నలు వేసేది. ఒకాయన హాలుకి బంగారు రంగు జిలుగు గుడ్డే కావాలని పట్టుబడితే, "కడితే కట్టుకోండి గానీ, సోఫాలో కూర్చుంటే మిఠాయి పెట్టెలో కూర్చున్నట్టుంటారు" అని ఆయన మొహం మీదే చెప్పింది. ఆయన నవ్వి, లేత బూడిద రంగు తీసుకున్నాడు.

కొలతల విషయంలో మాట పడేది కాదు. ప్రతి కిటికీకీ ఎడమన ఒకసారి, మధ్యన ఒకసారి, కుడిన ఒకసారి టేపు పెట్టేది, ఏ ఇంటి నేలా సమంగా ఉండదని. తెర నేలకి సరిగ్గా అరంగుళం పైన ఆగాలి. ముప్పై ఏళ్ళలో ఒక్క కొలత తప్పలేదు. తప్పిందని ఎవరైనా అంటే మాత్రం ముక్కు మీద కోపం.

ఆవిడ పద్ధతి ఇంకొకటుంది. తెర పొట్టి చేయమని ఎవరు తెచ్చినా కింది మడత విప్పేది కాదు, విప్పనిచ్చేదీ కాదు. వేరే కుట్టేవాళ్ళు పాత మడత విప్పి, ఎక్కువైన గుడ్డ కత్తిరించి, కొత్తగా మడుస్తారు. వదిన పాత మడతని మడతగానే పైకి లేపి, లోపలికి దోపి, వెనక నుంచి కనిపించకుండా కుట్టించేది. విప్పితే పాత సూది గుచ్చులన్నీ గీతలా కనిపిస్తాయి, పైగా మనుషులు ఇళ్ళు మారతారు, రేపు కిటికీ పెద్దదైతే కుట్లు తీసి మళ్ళీ దింపుకోవచ్చు. గుడ్డ పాడవకుండా చూసుకునే మనిషని అందరూ మెచ్చుకునేవారు. నేనూ మెచ్చుకున్నాను. అదే మా కొంప ముంచింది.

ఇరవయ్యొక్కేళ్ళ కిందటి మాట. కొత్తగా కట్టిన మూడంతస్తుల మేడలో పై వాటాకి తెరలు కావాలని ఒకాయన వచ్చాడు. తల నున్నగా దువ్వుకుని, చొక్కా మీద ముడత లేకుండా, చాలా మర్యాదగా మాట్లాడే మనిషి. నేను అప్పటికి కాపురానికి వచ్చి మూడేళ్ళు, పనిలో ఇంకా చెయ్యి తిరగలేదు. ఇద్దరం వెళ్ళాం. పడకగదిలో బాల్కనీ వైపు గోడంతా అద్దాల తలుపులు. ఆ తలుపులకి లోపలి నుంచి తాళం వేసి ఉంది. ఆయన మందపాటి గుడ్డ అడిగాడు, వెనక నల్ల లైనింగు వేయమన్నాడు, రెండు రెక్కల మధ్య సందు రాకూడదన్నాడు. ఇంటావిడ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయేమో. వదిన అలవాటు కొద్దీ, "మీకే రంగు ఇష్టమమ్మా?" అని ఆవిణ్ణి అడిగింది. ఆవిడ నోరు తెరిచేలోపు ఆయన, "ముదురు గోధుమ రంగు, మా ఆవిడకీ అదే ఇష్టం" అన్నాడు. ఆవిడ తలూపింది.

వచ్చేటప్పుడు పడకగది తలుపుకి బయటివైపు పెద్ద గడియ కనిపించింది. పడకగదికి బయట గడియ ఎందుకుంటుంది? వదిన చూసింది, నేనూ చూశాను. మెట్లు దిగుతుంటే వదిన ఏదో అనబోయింది. "మనకెందుకు వదినా" అన్నాను. అవును, మనకెందుకులే అని ఆవిడా అంది. కింద ఎండలోకి వచ్చేసరికి లైనింగు గుడ్డ ఎంత కావాలో లెక్క వేసుకుంటున్నాం.

తెరలు కుట్టాం, తగిలించాం. నేలకి అరంగుళం పైన చక్కగా ఆగాయి. వదిన మోకాళ్ళ మీద కూర్చుని మరీ చూసుకుంది. పది రోజులకి ఆయన రెండు రెక్కలూ మడతపెట్టుకుని కొట్టుకి తెచ్చాడు. రెండంగుళాలు ఎక్కువయ్యాయని, నేల ఊడుస్తున్నాయని వాళ్ళావిడ రోజూ పోరు పెడుతోందట. రేపు సాయంత్రానికి కావాలన్నాడు.

వదినకి తల కొట్టేసినట్టయింది. ఆయన వెళ్ళాక కొలతల పుస్తకం తీసి చూసింది. కొలత సరిగ్గానే ఉంది. మరి ఆవిడ అలా ఎందుకంటోంది అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది. ఆలోచించలేదు, అలిగింది. తెరలు ఎత్తి నా మిషను మీదికి విసిరి, "రెండంగుళాలు మడిచి పారెయ్. ఆ గుడ్డ నా కళ్ళ ముందు ఉండకూడదు" అంది. నేను మడిచాను. పాత మడత విప్పకుండా, ఆవిడ నేర్పినట్టే, లోపలికి దోపి కుట్టాను. ఒక రెక్క మూల దగ్గర చేతికి ఏదో గరగరమని తగిలింది. తెర వేలాడటానికి మేము మూలల్లో బరువు బిళ్ళలు పెడతాం, వాటి కవరేదో ఉండిపోయిందనుకున్నాను. సూది ఆ పక్కనుంచి పోనిచ్చాను.

ఆ తర్వాత ఆ ఇంటావిడని వీధిలో చూడటం నాలుగైదేళ్ళకి. భర్త ముందు నడుస్తుంటే వెనక చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని వస్తోంది. వదిన పలకరింపుగా నవ్వింది. ఆవిడ మా ఇద్దరినీ ఒక్కసారి తేరిపార చూసి మొహం తిప్పుకుంది. తర్వాత ఎప్పుడు ఎదురుపడ్డా అంతే. "పొగరు చూశావా, రెండంగుళాలకి ఎన్నేళ్ళు అలిగిందో" అని వదిన నవ్వేది. మా ఇంట్లో ఎవరైనా చిన్నదానికి బెట్టు చేస్తే రెండంగుళాలావిడ అని వెక్కిరించేవాళ్ళం. పిల్లలకీ ఆ మాట అలవాటైంది. అది తలుచుకుంటే ఇప్పుడు నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

మొన్న వేసవి మొదట్లో ఒకమ్మాయి కొట్టుకి వచ్చింది. ఇరవయ్యేళ్ళుంటాయి, చదువుకుంటూ ఏదో ఆఫీసులో పని కూడా చేస్తోందట. సంచీలోంచి ముదురు గోధుమ రంగు తెరలు తీసి బల్ల మీద పడేసింది. ఆ పిల్ల ఎవరో గుర్తుపట్టక ముందే మేము గుడ్డని గుర్తుపట్టాం. నాన్న పోయి ఆరు నెలలైందట. అమ్మ గది ఇంకా గుహలా ఉందట. తెల్లగా, పల్చగా, గాలి వస్తే ఎగిరే తెరలు కుట్టాలని, పాతవాటితో దిండు గలీబులు కుట్టేయమని చెప్పింది. అమ్మ నిద్రపోతుంటే విప్పి తెచ్చేసిందట. పోతూ పోతూ నవ్వుతూ ఒక మాటంది. చిన్నప్పుడు ఫ్యాను గాలికి ఆ తెర కదిలితే అడుగున గరగరమనేదట. అందులో ఏదో పురుగుందని భయపడి ఏడిస్తే, ఏమీ లేదులే పడుకో అని వాళ్ళమ్మ దాన్ని కాలితో అదిమిపెట్టి ఉంచేదట.

అమ్మాయి వెళ్ళాక వదిన బ్లేడు తీసుకుని కూర్చుంది. గలీబులకి గుడ్డ కత్తిరించాలంటే మడతలు విప్పక తప్పదు. ముందు నా కుట్లు తెగాయి. లోపల తన పాత మడత బయటపడింది. ఆ మడతలో ఒకచోట, మిషను కుట్టు మధ్య, వేరే దారంతో చేత్తో వేసిన నాలుగు కుట్లు. వీధిలోంచి రెండో అంతస్తులో అరంగుళం పట్టుకునే మనిషి, ఆ రోజు చేతికొచ్చిన తెర అంచు చూడలేదు. కుట్లు తెంపింది. పాల పాకెట్టు ముక్కలో చుట్టిన కాగితం జారి ఒళ్ళో పడింది. మా కొట్టు చీటీయే. వెనకవైపు కాటుక పెన్సిలుతో రాసి ఉంది. వదిన చదివి, నా చేతికిచ్చి, గోడ వైపు తిరిగింది.

"టైలరమ్మగారికి. మీ కొలత సరిగ్గానే ఉంది. తెర ఎక్కువ కాలేదు. మీ దగ్గరికి ఈ కాగితం పంపడానికి వేరే దారి లేక అలా చెప్పాను, క్షమించండి. నన్ను ఎక్కడికీ పోనివ్వడం లేదు. ఆయన బయటికి వెళ్తే గదికి గడియ పెట్టి వెళ్తారు. ఫోను లేదు. కింద రాసిన నంబరు మా అన్నయ్యది. ఒక్కసారి ఫోన్ చేసి, వచ్చి నన్ను తీసుకెళ్ళమని చెప్పండి. మా ఆయనతో ఏమీ అనకండి. తెర తిరిగొచ్చేదాకా ఎదురుచూస్తుంటాను."

ఆ రోజు మిషన్లు మళ్ళీ తిరగలేదు. నా చేతికి గరగరమని తగిలిన సంగతి వదినకి చెప్పేశాను, దాచుకుంటే ఆ పూటే చచ్చేలా ఉన్నాను. తిడుతుందనుకున్నాను. "విప్పొద్దని నేర్పింది నేనేగా" అంది, అంతే. ఆ నంబరుకి ఫోన్ చేసింది. ఇన్నేళ్ళలో నంబర్లన్నీ మారిపోయాయి. ముందు ఒక అంకె, వెనక ఒక అంకె చేర్చి చూసింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి విసుక్కుని పెట్టేశాడు. రెండో రోజూ చేసింది, మూడో రోజూ చేసింది. ఇరవయ్యొక్కేళ్ళు ఆలస్యమైన ఫోను ఎవరెత్తుతారని నేను అరిచాక మానేసింది.

అప్పటినుంచి మా ఇంట్లోకి ఏదో వచ్చి చేరింది. దాన్ని దయ్యం అనను, బతికున్న మనిషిని పట్టుకుని ఎలా అంటాను? మధ్యాహ్నం కొట్లో ఫ్యాను కింద తెరలు కదిలితే వదిన ఉలిక్కిపడి లేచి, ఒక్కొక్క దాని అంచూ చేత్తో నొక్కి చూసేది. ఏమైందంటే, గరగరమంటోంది వినపడలేదా అనేది. లేదని చెప్పేదాన్ని, కానీ నాకూ వినపడేది. పాత తెర ఏది వచ్చినా మడతలన్నీ విప్పేసేది. పొడుగు చేయమని ఇచ్చినవీ, ఉతికి ఇస్త్రీ చేయమని ఇచ్చినవీ, అన్నీ. పళ్ళ డాక్టరుగారి కిటికీ నాలుగంగుళాలు తక్కువ కొలిచింది. ముప్పై ఏళ్ళలో మొదటి తప్పు. ఆయన ఏమీ అనకపోయినా, ఇంటికొచ్చి టేపు బల్ల మీద పెట్టి చాలాసేపు దానివైపే చూసింది.

పై ఇంట్లో మా తెరలన్నీ తీసేసింది. వీధంతా చూస్తుండగా అన్నం తినాల్సి వచ్చింది. అక్క మనల్ని అద్దాల బీరువాలో బొమ్మల్ని చేసిందని మా ఆయన సరదాగా అనబోయి, ఆవిడ మొహం చూసి నోరు మూసుకున్నాడు. ఎవరింటికి కొలతలకి వెళ్ళినా ఇంటావిణ్ణి పక్కకి పిలిచి, "అంతా బాగానే ఉందా అమ్మా?" అని అడగడం మొదలుపెట్టింది. బాగానే ఉంది, ఎందుకూ అని వాళ్ళు తెల్లబోయేవాళ్ళు. ఇద్దరు ఆ తర్వాత ఆర్డరు మానుకున్నారు.

వదినని తినేస్తున్నది ఒక్కటే. తను చదివి కూడా ఊరుకుందని ఆ ఇంటావిడ ఇన్నేళ్ళూ అనుకుంది. వీధిలో మొహం తిప్పుకుంది పొగరుతో కాదు. వెళ్ళి, నేను చదవలేదమ్మా అని చెప్పాలి. చెప్పకపోతే తనకి బతుకు లేదని వదిన పట్టుపట్టింది. నేను వద్దన్నాను. నా నోటికి అదుపు లేదని పేరుంది, ఆ వారం అది బాగా రుజువైంది. కాగితం కాల్చేయమన్నాను. ఆయన పోయాడు, ఆవిడ మిగిలింది, కూతురు చేతికందింది, ఇప్పుడు పాత పుండు కెలికితే ఎవరికి లాభమన్నాను. నీ మనసు తేలిక చేసుకోవడానికి ఆవిడ నెత్తిన బరువు పెడతావా అని కూడా అనేశాను.

వదిన కాగితాన్ని మళ్ళీ పాల పాకెట్టు ముక్కలో చుట్టింది. "ఎదురుచూస్తుంటానని రాసింది కదే" అంది.

సరే, నేనూ వస్తానన్నాను. ఈలోగా అమ్మాయి రోజు విడిచి రోజు ఫోన్ చేస్తోంది, కొలతలకి ఎప్పుడొస్తారని. ఒక ఆదివారం పొద్దున నమూనా పుస్తకాలు తీసుకుని బయల్దేరాం. కాగితం వదిన చేతిసంచీలో ఉంది. మూడంతస్తులు ఎక్కేటప్పటికి ఆవిడ పెదాలు పాలిపోయాయి.

పడకగది తలుపుకి గడియ లేదు. అది ఉన్నచోట స్క్రూల రంధ్రాలు పూడ్చి, రంగు వేయకుండా వదిలేశారు. లోపల చీకటి. తెరలు మా కొట్లో ఉన్నాయి కదా అనుకుంటే, అద్దాల తలుపుల మీద దుప్పటి వేలాడుతోంది, బట్టల క్లిప్పులతో బిగించి. "చూడండి ఆంటీ, నేను తీస్తుంటాను, మా అమ్మ మళ్ళీ కట్టేస్తుంది" అంది అమ్మాయి. వాళ్ళమ్మ మంచం మీద దుప్పటి వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది. మమ్మల్ని చూసి లేవలేదు, మొహం కూడా తిప్పుకోలేదు.

వదిన నమూనాలు మంచం మీద పరిచింది. తెల్ల నూలు, పాలరంగు జాలీ గుడ్డ, లేత ఆకుపచ్చ. అమ్మాయి ఒక్కొక్కటీ ఎత్తి తల్లి చెంప దగ్గర పెట్టి చూపిస్తోంది. ఆవిడ వాటిని పక్కకి జరిపి, పుస్తకం చివర్లో ఉన్న ముదురు రంగు మందపాటి గుడ్డ మీద వేలు పెట్టింది. వెలుతురు పడితే తనకి నిద్ర పట్టదని, కళ్ళు మండుతాయని, ఇన్నేళ్ళుగా అలవాటైపోయిందని కూతురికి నెమ్మదిగా నచ్చజెప్పింది. అమ్మాయికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వదిన సంచీలోంచి కాగితం తీసి, పాల పాకెట్టు ముక్కతో సహా ఆవిడ పక్కన పెట్టింది. ఆవిడ దాన్ని చూసింది గానీ ముట్టుకోలేదు.

"ఇది నేను చదవలేదమ్మా," అంది వదిన. "పోయిన నెల దాకా చూడనే లేదు. నేను మడతలు విప్పను. విప్పకుండా పైకి మడిచి కుట్టిస్తాను. అది నా పద్ధతి. మీరు నా కొలత తప్పన్నారని కోపమొచ్చి చేత్తో కూడా ముట్టుకోలేదు. లోపల కాగితం ఉందని తెలియదు. ఒట్టు."

వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడుతోంది.

"తెర రాగానే అంచు తడిమాను," అంది ఆవిడ. "కాగితం లోపలే ఉంది. పైన ఇంకో మడత వేసి, ఇంకా గట్టిగా కుట్టి ఉంది. మీరు చదివి, మళ్ళీ లోపల పెట్టి కుట్టేశారనుకున్నాను. మీ జవాబు అదే అనుకున్నాను."

వదిన మంచం పట్టె పట్టుకుంది. నేను నా చేతులు కొంగులో దాచుకున్నాను. కుట్టింది ఆ చేతులే.

"మీరు మంచివాళ్ళలా కనిపించారు. నాకే రంగు ఇష్టమని అడిగారు. అలాంటి మనిషే వద్దనుకుంటే ఇంకెవరొస్తారని... మళ్ళీ ఎవరికీ రాయలేదు. తర్వాత తర్వాత వీలు దొరికింది. పాలవాడు వచ్చేవాడు, పిల్ల పుట్టాక స్కూలుకి కూడా వెళ్ళేదాన్ని. అయినా ఎవరికీ చెప్పలేదు. అన్నయ్య రెండుసార్లు వచ్చాడు. ఆయన పక్కనే కూర్చునుండగా బాగానే ఉన్నానని చెప్పాను." ఆ మాటల్లో కోపం లేదు. కోపమున్నా మేము తట్టుకునేవాళ్ళం.

వదిన ఏడుస్తోంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ క్షమించమనబోయింది. ఆవిడ అప్పుడు కాగితం తీసుకుని, కళ్ళు చికిలించి మొత్తం చదువుకుంది. మడిచి, మా వదిన మొహంలోకి సూటిగా చూసింది.

"ఒకవేళ చదివుంటే, ఫోన్ చేసేవారా?"

చేసేదాన్నని చెప్పడానికే వదిన నోరు తెరిచింది. నాకు తెలుసు, నెల రోజులుగా ఆవిడ తనకి తాను చెప్పుకుంటున్నది ఆ మాటే. ఆ మాట చెప్పడానికే మూడంతస్తులు ఎక్కింది. కానీ అబద్ధపు కొలత ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు. బయట గడియ చూసి మెట్లు దిగిన మనిషి కదా. నోరు అలాగే ఉండిపోయింది, కళ్ళ నీళ్ళు కూడా ఆగిపోయాయి.

"తెలియదమ్మా," అంది చివరికి.

ఆవిడ తలూపింది. కాగితం దిండు కిందికి తోసింది. అమ్మాయి టీ తెచ్చింది, గుడ్డ తేలిందా అని అడిగింది. తేలిందని తల్లే చెప్పింది. టీ తాగాం. వదిన లేచి దుప్పటి పక్కకి జరిపి కొలతలు తీసుకుంది, నేను రాసుకున్నాను. వారం తిరిగేలోపు ముదురు గోధుమ రంగు మందపాటి తెరలు నల్ల లైనింగుతో కుట్టి, సందు రాకుండా తగిలించి వచ్చాం. అంతకన్నా మంచి పని మా కొట్లో జరగలేదు, అంతకన్నా పాపిష్టి పనీ జరగలేదు.

ఇప్పుడు వదిన మడతలు విప్పడం తగ్గించింది. నిద్ర పడుతోందట. కానీ కుట్టు మధ్యలో మిషను ఆపి, నావైపు తిరగకుండానే అడుగుతుంది. ఆ రోజు చదివుంటే చేసేవాళ్ళమంటావా అని. నేను దారం తెంపుకుంటాను, లేదా ఇస్త్రీ పెట్టె వేడెక్కిందో లేదో చూస్తాను. తన సంగతి తెలియదని ఆవిడ నిజమే చెప్పింది, ఎందుకంటే ఆవిడకి నిజంగా తెలియదు. నా సంగతి నాకు తెలుసు. ఆ కాగితం ఆ రోజు నా చేతికే దొరికి ఉంటే, చదివి, మనకెందుకులే అని మళ్ళీ లోపల పెట్టి కుట్టేసేదాన్ని.